లియోకి శాలువా

మా కేశవరావు అంకుల్‌కి కంట్రీ మ్యూజిక్ పిచ్చి ఉందని కెనడాలో ఈ హాలిఫాక్స్ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ పిచ్చి ఎవరి మీదన్నది మాత్రం అందరూ తప్పుగానే అనుకుంటారు. ఆయన బేస్‌మెంట్ గోడ మీద వేడ్ మెకాస్కిల్ అనే గాయకుడి పోస్టర్ ఉంది కాబట్టి ఆయనకి వేడ్ అంటే ప్రాణమని అందరి లెక్క. దగ్గరికెళ్లి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పోస్టర్ మధ్యలో వేడ్ మొహం ఉండాల్సిన చోట మేకు కొట్టి, దానికి ఇండియన్ గ్రోసరీ వాళ్ల క్యాలెండర్ తగిలించారు అంకుల్. కనబడేదల్లా వెనక మూల, సగం చీకట్లో, తల వంచుకుని కూచున్న బక్కపలచని మనిషొకడు. ఆయన పేరు లియో బూద్రో. వేడ్ వెనకాల స్టీల్ గిటార్ వాయిస్తాడు. అంకుల్ ప్రాణమంతా ఆయన మీద.

ఇది నాకెలా తెలుసంటే, అంకుల్‌ని వేడ్ కచేరీలకి మోసుకెళ్లే భాగ్యం నాది. నా పేరు సరోజన. మాది జగిత్యాల దగ్గర. ఇక్కడ ఆస్పత్రి ఫార్మసీలో పని చేస్తాను, హార్బర్ అవతలి డార్ట్‌మత్‌లో వాళ్ల వీధిలోనే ఉంటాను. హార్బర్ ఇంజనీరుగా రిటైరైన అంకుల్‌కి చూపు మందగించిందని డాక్టరు డ్రైవింగ్ లైసెన్స్ తీయించేశాక, ఆ మిగిలిన చూపు నా కారు మీద పడింది. "అమ్మాయ్, శనివారం ఖాళీయేనా?" అంటారు. ఖాళీ లేదంటే ఆదివారం గురించి అడుగుతారు. అదీ కాదంటే వాళ్లావిడ అమ్ములు ఆంటీ చేత గోంగూర పచ్చడి పంపించి మళ్లీ శనివారానికే వస్తారు. గోంగూర తిన్నాక కాదనడం నా వల్ల కాదు.

అలా మా నోవా స్కోషియా రాష్ట్రంలో నేను చూడని ఫైర్‌స్టేషన్ హాలు లేదు. వేడ్ పెద్ద పెద్ద స్టేడియాల్లో పాడే రకం కాదు. ఊళ్ల ఎగ్జిబిషన్లు, చర్చి బేస్‌మెంట్లు, మధ్యాహ్నం పూట పెద్దవాళ్ల కోసం పెట్టే షోలు, అవే అతని లోకం. అక్కడ టికెట్‌తో పాటు టీ, ఓట్‌కేకులు ఇస్తారు. ప్రేక్షకుల్లో నల్లజుట్టుది నేనొక్కదాన్నే, అదీ రంగేసిందే. మేమెప్పుడూ ముందు వరసలో ఎడమ చివర కూచోవాలి. అక్కణ్నించయితేనే వేడ్ భుజం పక్కగా లియో చేతులు కాస్త కనబడతాయి.

"ఈ వేడ్ గాడికి బుద్ధుందా అమ్మాయ్?" అని అంకుల్ ప్రతిసారీ పళ్లు నూరేవారు. "ఇంత స్టేజి ఉంది కదా, సరిగ్గా వెళ్లి లియో ముందే నిలబడతాడు. మనిషి చూస్తే బీరువా. పైగా ఆ టోపీ ఒకటి."

నిజమే. ఏ హాల్లో చూసినా వేడ్ లియోకి అడ్డంగానే నిలబడేవాడు. దానికి తోడు ఇంకో దారుణం. షో ఆఖర్న బ్యాండ్ వాళ్లని పరిచయం చేసేవాడు. డ్రమ్స్ కుర్రాడి పేరు చెప్పేవాడు, బేస్ వాయించే ఆయన పేరు చెప్పేవాడు, ఫిడిల్ అమ్మాయి పేరయితే ఊరితో సహా చెప్పేవాడు. ఆ తర్వాత "ఇక మిగతా మావాళ్లూ..." అని చెయ్యి ఊపి పాటలోకి వెళ్లిపోయేవాడు. మిగతా మావాళ్లంటే అక్కడ లియో ఒక్కడే. అంకుల్ మొహం కందగడ్డ అయ్యేది.

నాకు మొదట్లో ఆ వాయిద్యమే అర్థం కాలేదు. హార్మోనియం బల్ల మీద వీణ తీగలు బిగించి, కింద కుట్టు మిషన్ పెడల్ పెట్టినట్టుంటుంది. మనిషి దాని వెనక కూచుని, ఎడమ చేత్తో ఓ ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతాడు, కుడిచేతి వేళ్లతో మీటుతాడు, కాళ్లతో తొక్కుతాడు, మోకాళ్లతో కూడా ఏదో తోస్తాడు. వంట, గిన్నెలు, పిల్లాడి హోంవర్క్ ఒకేసారి చేసుకునే ఆడమనిషి కంటే పని ఎక్కువ. అంత పనీ చేస్తే వచ్చేది మాత్రం ఒకే ఒక్క సన్నటి జారుడు. ఒక స్వరం ఇంకో స్వరం మీదికి జారుతుంటే మన చేతిలో టీ చల్లారిపోతుంది.

"గమకం అంటే అదీ" అన్నారు అంకుల్ ఒకసారి కళ్లు తుడుచుకుంటూ. "మా నాన్న జన్మంతా ఏడ్చింది దీనికోసమే. హార్మోనియం మెట్ల మీద గమకం జారదు కదా."

వాళ్ల నాన్న తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనిస్టు. కృష్ణుడు వేషం వేసినాయన రాగం ఎంత దూరం లాగితే అంత దూరం వెంట వెళ్లి, మళ్లీ జాగ్రత్తగా ఇంటికి తీసుకొచ్చేవాడట. చప్పట్లూ శాలువాలూ కృష్ణుడికి. హార్మోనిస్టు స్టేజికి పక్కన, ఓ పాత పంచె కట్టిన తెర చాటున ఉండేవాడు. కరపత్రంలో "చక్కని హార్మోనియం సహకారంతో" అని వేసేవాళ్లు గానీ ఆ సహకారం ఎవరిదో వేసేవాళ్లు కాదట. "మైకులో మా నాన్న పేరు ఒక్కసారైనా వినాలని నేల మీద కూచుని ఎదురుచూసేవాణ్ని అమ్మాయ్. వినలేదు. ఆయన పోయాక మైకులో చెప్పారు, సంతాపసభలో" అన్నారు. అప్పుడర్థమైంది నాకు, ఈయన వేడ్ మీద పళ్లు నూరడం తెనాలి నుంచి తెచ్చుకున్న కోపమని.

కోపమొక్కటే తెచ్చుకుని ఉంటే బాగుండేది. 'వన్స్ మోర్' కూడా తెచ్చుకున్నారు. తెనాలిలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, నటుడు మళ్లీ పాడాలి. స్టేజి మీద చచ్చిపోయిన పాత్రయినా సరే, లేచి దుమ్ము దులుపుకుని పాడి, మళ్లీ చచ్చిపోవాలి. ఈయన అదే ధర్మాన్ని ఇక్కడ అమలు చేశారు. ఓ ఎగ్జిబిషన్‌లో ఆఖరి ఫెర్రీ పడవ తప్పిపోయినవాడి పాట పాడుతున్నాడు వేడ్. మధ్యలో లియో ఒక్కడే వాయించే ముక్క ఉంది. అది అయ్యీ అవగానే, వేడ్ తర్వాతి చరణానికి నోరు తెరిచేలోగా, అంకుల్ లేచి నిలబడి "వన్స్ మోర్!" అని గర్జించారు. హాలంతా మావైపు తిరిగింది. పక్కనున్న పెద్దావిడ అంకుల్ చెయ్యి పట్టుకుని, "పాట ఇంకా అవలేదు నాయనా" అని బుజ్జగించింది. వేడ్ ఆ అరుపు తనకేననుకుని టోపీ ఎత్తాడు. లియో తల ఇంకా కిందికి వెళ్లిపోయింది.

"ఏంది అంకుల్, ఇజ్జత్ తీస్తున్నరు. కూసోండి!" అని నేను చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కూచున్నారు గానీ మారలేదు. ఆ తర్వాత ఏ షోకెళ్లినా ఆ ముక్క దగ్గర ఆయన నోటికి ఓట్‌కేకు అందించడం నా డ్యూటీ అయిపోయింది.

ఇంతా చేసి లియోతో ఆయన ఒక్క మాట మాట్లాడింది లేదు. షో అయ్యాక వేడ్, మిగతావాళ్లూ సీడీల బల్ల దగ్గర నిలబడి జనంతో కబుర్లు చెప్పేవాళ్లు. లియో మాత్రం వాయిద్యం పెట్టెలో పెట్టుకుని వెనక తలుపులోంచి జారుకునేవాడు. "చూశావా, కనీసం బల్ల దగ్గర కూడా నిలబడనివ్వరు" అనేవారు అంకుల్. వేడ్ మీద నేరాల చిట్టా పెరుగుతూనే ఉంది.

ఈ అక్టోబర్లో ఓ షో అయ్యాక టీ దగ్గర ఫిడిల్ అమ్మాయి మామూలుగా చెప్పింది, లియోకి వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయని, ట్రూరో అవతలి ఊళ్లో చేసే మధ్యాహ్నం షోయే ఆయనకి ఆఖరిదని. అంకుల్ కప్పు కింద పెట్టేశారు. తిరిగొస్తూ కారు హార్బర్ మీద బ్రిడ్జి ఎక్కుతుండగా అన్నారు, "ఆయన పేరు మైకులో చెప్పకుండా ఇంటికి పోనివ్వను. ఆ వేడ్ గాడు చెప్పకపోతే నేను చెప్తాను. సన్మానం చేద్దాం."

సన్మానమంటే మనకి సరంజామా తెలిసిందే. శాలువా, దండ, మెమెంటో, బిరుదు. శాలువాల కోసం అమ్ములు ఆంటీ సూట్‌కేసు తెరిచింది. రిటైరైనప్పుడు, అరవై నిండినప్పుడు, డెబ్భై నిండినప్పుడు, తెలుగు సంఘానికి ప్రెసిడెంటుగా చేసినప్పుడు, దిగిపోయినందుకు సంఘం సంతోషించినప్పుడు అంకుల్‌కి కప్పినవన్నీ అందులో ఉన్నాయి. "వీటిలో సగం మనం ఎవరికో కప్పితే వాళ్లు మళ్లీ మనకే కప్పినవి" అంది ఆంటీ. మెరూన్ రంగులో జరీ అంచున్నది తీసింది. బిరుదు "గమక చక్రవర్తి" అని అంకుల్ అప్పటికే తీర్మానించేశారు. మెమెంటో కోసం డార్ట్‌మత్‌లో ట్రోఫీల షాపుకి వెళ్తే, అన్నిటి మీదా ఏదో ఒక ఆటగాడి బొమ్మ ఉంది. గిటార్‌కి దగ్గరగా, కూచుని ఏదో తోస్తున్నట్టున్నది మంచు మీద రాయి జరిపే కర్లింగ్ ఆట ఆడేవాడి బొమ్మ ఒక్కటే. అదే తెచ్చాం.

హాలు చూసుకునే డోరిన్ అనే పెద్దావిడకి అంకుల్ ఫోన్ చేశారు. తెలుగు ప్రజల తరఫున ఒక గొప్ప కళాకారుణ్ని స్టేజి మీద సత్కరించాలనుకుంటున్నామని చెప్పారు. ఏ కళాకారుడో ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు. పోస్టర్ మీద ఎవరి బొమ్మ ఉంటే వాళ్లకేనని ఎవరైనా అనుకుంటారు. ఆవిడ ఎంతో సంతోషించి, ఆఖరి పాటకి ముందు టైమిస్తానంది.

"వేడ్‌కు ఆశపెట్టి లియోకు సన్మానం చేసుడు తప్పు కదా అంకుల్?" అన్నాను.

"ఇన్నేళ్లూ వాడు చేసింది ఒప్పేవిటి?" అన్నారు. ఆ మొహంలో స్కూలు ఎగ్గొట్టే పిల్లాడి ఆనందముంది.

ఆ రోజు హాలు నిండిపోయింది. నేను పట్టుచీర కట్టుకుని, స్టీలు పళ్లెంలో శాలువా, సూపర్‌మార్కెట్ కార్నేషన్లతో ఆంటీ కట్టిన దండ, కర్లింగ్ బొమ్మ పెట్టుకుని కూచున్నాను. లక్కీ డ్రా అయింది. ఎవరికో బహుమతిగా హామ్, అదే పంది మాంసం, వచ్చింది. డోరిన్ మైకు దగ్గరికొచ్చి ఇండియా నుంచి వచ్చిన మన స్నేహితులు ఒక గౌరవం ఇవ్వబోతున్నారని ప్రకటించింది. చప్పట్లు. అంకుల్ వెంట పళ్లెంతో నేనూ స్టేజెక్కాను. వేడ్ నిజంగా కదిలిపోయాడు పాపం. టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, మెడ వంచి నిలబడ్డాడు.

అంకుల్ శాలువా విప్పి, రెండు చేతులా పట్టుకుని, వేడ్‌ని దాటుకుని వెనక్కి వెళ్లిపోయారు.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వేడ్ ఒక కన్ను తెరిచాడు. లియో మాత్రం తన వైపుకొస్తున్న అంకుల్‌ని చూసి వెనక తలుపు వైపు చూశాడు. మోకాళ్లు వాయిద్యం కింద ఉన్నాయి, పారిపోవడానికి లేదు. అంకుల్ శాలువా కప్పారు, దండ వేశారు, బొమ్మని ఒళ్లో పెట్టారు. తర్వాత మైకు అందుకుని, ఇంగ్లీషులో, "ఈయన పేరు లియో బూద్రో. మళ్లీ చెప్తున్నాను. లియో బూద్రో" అన్నారు. హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లు అలా సాగుతూనే ఉన్నాయి. అంకుల్ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చేదాన్నే గానీ పళ్లెం పట్టుకుని ఉన్నాను.

మన సన్మానాల్లో పక్కనున్న ప్రముఖులు రెండు మాటలు మాట్లాడాలి కదా. అంకుల్ కసి తీరా మైకు వేడ్ చేతికిచ్చి, "మీరు కూడా వీరి గురించి రెండు మాటలు" అన్నారు.

వేడ్ మైకుని అరచేత్తో మూసేసి దగ్గరికొచ్చాడు. కోపంగా లేడు. మా ఇద్దరికే వినబడేలా చెప్పాడు. "నాతో చేరిన కొత్తలో ఒకసారి స్టేజి మీద ఈయన పేరు చెప్పాను సార్. జనం తనని చూస్తున్నారని తెలిసేసరికి చేతులు వణికి కడ్డీ తీగల మీద పడిపోయింది. పాట ఆగిపోయింది. నా పేరు చెప్పకు, నా ముందు నిలబడు, జన్మంతా నీతో వాయిస్తానన్నాడు. అప్పట్నించీ నిలబడుతూనే ఉన్నాను."

నేను లియో వైపు చూశాను. దండలో మొహం తెల్లగా పాలిపోయింది. తీగలు మీటడానికి కుడిచేతి వేళ్లకి పెట్టుకున్న తొడుగులు వాయిద్యం అంచు మీద టకటకా కొట్టుకుంటున్నాయి. జనం ఇంకా ఆయన్నే చూస్తూ చప్పట్లు కొడుతున్నారు.

"ఇంకో పాట ఉంది" అన్నాడు వేడ్. "ఫెర్రీ పాట. ఆయన ఆఖరి పాట. ఇప్పుడెలా వాయిస్తాడు?"

అంకుల్ మొహం చూడలేకపోయాను. అంత ప్రేమించిన మనిషి ఆఖరి పాట తన చేతులతోనే చెడగొట్టానని తెలిసిన మొహం అది. ఈయన ఇక్కడే కూలబడతారేమోనని భయమేసి పళ్లెం కింద పెట్టి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. చకచకా లియో దగ్గరికెళ్లి, దండ తీసేశారు, కప్పిన శాలువా కూడా లాగేశారు. కప్పిన శాలువా వెనక్కి తీసుకున్న సన్మానం భూమ్మీద ఇదొక్కటే అయ్యుంటుంది. దాని ఒక కొస తను పట్టుకుని, రెండో కొస వేడ్‌కి చాపారు.

వేడ్‌కి ఏం తెలుసు, పెళ్లిపీటల మీద జీలకర్ర బెల్లం దాకా ఇద్దరు మనుషులు అడ్డుతెర పట్టుకుంటారని. అయినా ఆ మనిషికి వెంటనే అర్థమైంది. కొస అందుకున్నాడు. లియోకి ముందు, ఒకవైపు బీరువాలాంటి వేడ్, ఇంకోవైపు కట్టెపుల్లలాంటి మా అంకుల్, మధ్యలో మెరూన్ శాలువా. వేడ్ రెండో చేత్తో మైకు పట్టుకుని ఫెర్రీ పాట మొదలుపెట్టాడు.

మొదటి చరణంలో తెర వెనక చప్పుడే లేదు. రెండో చరణంలో ఓ స్వరం తడబడుతూ వచ్చి ఆగిపోయింది. అంకుల్ కళ్లు గట్టిగా మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుంటున్నారో. లియో ఒక్కడే వాయించాల్సిన చోటు వచ్చింది. వేడ్ పాడటం ఆపాడు.

అప్పుడు జారింది ఆ స్వరం. ఎన్నోసార్లు విన్నాను, ఇలా ఎప్పుడూ వినలేదు. పైకెక్కి, అక్కడే కాసేపు ఊగి, ఇక పడిపోతుందనుకున్నాక మెల్లగా ఇంటికొచ్చింది. చూడటానికి ఎదురుగా జరీ అంచు తప్ప ఏమీ లేదు, అందుకేనేమో అందరం ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాం.

వేడ్ తర్వాతి చరణానికి నోరు తెరిచాడు. ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. పట్టుచీర కట్టుకుని, స్టేజి మీద, పళ్లెం పక్కన నిలబడి, గొంతు చించుకుని. నేనే. ముందు వరసలో పెద్దావిడలు ఓ క్షణం నన్ను చూసి, తర్వాత వాళ్లూ అందుకున్నారు. తెర వెనక లియో వేడ్ కోసం ఆగలేదు. మళ్లీ వాయించాడు. అంకుల్ చేతులు నొప్పెట్టే ఉంటాయి గానీ శాలువా అంగుళం దిగలేదు.

షో అయ్యాక ఎప్పట్లాగే వెనక తలుపు తెరుచుకుంది. లియో పెట్టె పట్టుకుని వెళ్లబోతూ ఆగాడు. అంకుల్ దగ్గరికొచ్చి, ఆయన భుజం మీదున్న శాలువా తీసుకుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కర్లింగ్ బొమ్మ మాత్రం కుర్చీలోనే వదిలేశాడు.

తిరుగుదారిలో పొద్దు వాలుతోంది. అంకుల్ కిటికీలోంచి చూస్తూ అన్నారు, "సరోజనా, తెనాల్లో ఆ పంచె తెర మా నాన్నే అడిగి కట్టించుకున్నాడేమో."

"ఏమో అంకుల్. మీరెప్పుడూ అడగలేదా?"

"అడగలేదు. ఊరి మీద కోపం తెచ్చుకున్నాను గానీ, ఆయన్ని అడగలేదు." చాలా దూరం వెళ్లాక మళ్లీ అన్నారు, "తెర వెనకయితే భలే వాయించేవాడు."

తర్వాతి వారం గోంగూర గిన్నె తిరిగివ్వడానికి వెళ్లి, బేస్‌మెంట్లోకి తొంగిచూశాను. మేకు చోటు మారింది. పోస్టర్లో ఇప్పుడు వేడ్ మొహం, టోపీతో సహా, నవ్వుతూ కనబడుతోంది. గ్రోసరీ క్యాలెండర్ వెనక మూలకి జరిగి లియోని పూర్తిగా కప్పేసింది. రోజూ పొద్దున్నే తిథి చూసే నెపంతో అంకుల్ దాన్ని ఓసారి ఎత్తి, చూసి, మళ్లీ దించుతారని అమ్ములు ఆంటీ చెప్పింది.